ఎత్తుకున్నవాడే నాన్న

ఆపరేషన్ థియేటర్ తలుపు సగం తెరుచుకుంది. ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన బిడ్డతో నర్సు బయటికొచ్చి మా ఆవిడ పేరు పిలిచింది. నేను లేచి రెండు చేతులూ చాచాను. ఆమె నా భుజం మీదుగా వెనక్కి చూసి, "ఆడవాళ్ళెవరైనా ఉన్నారా?" అంది. మా అత్తగారు గబగబా వచ్చి, కొంగు చేతుల మీద పరుచుకుని బిడ్డను అందుకున్నారు. నా చేతులు ఇంకా అలాగే చాచి ఉన్నాయి. వాటితో ఏం చేయాలో తోచక జేబులోంచి ఫోను తీసి ఫొటో తీశాను.

ఆ నర్సమ్మను నేను తప్పు పట్టను. ఆ వరండాలో రోజూ ఎంతోమంది తండ్రులను చూసే మనిషి ఆమె. బిడ్డను ఇవ్వబోతే చాలామంది ఓ అడుగు వెనక్కే వేస్తారు. "అమ్మో, జారిపోతుందేమో" అంటారు. బిడ్డ ఆడవాళ్ళ చేతుల్లోకి, మందుల చీటీ మగవాళ్ళ చేతుల్లోకి వెళ్ళడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న పంపకం. పాత ఉమ్మడి కుటుంబాల్లో అయితే పెద్దల ఎదుట సొంత బిడ్డను ఎత్తుకోవడమే మర్యాద కాదనుకునేవారు. మా నాయనమ్మ చెప్పేది: మా ముత్తాత అరుగు మీద కూర్చుని ఉన్నంతసేపూ మా తాత ఊయల వంక కూడా చూసేవాడు కాదట. ఆయన పొలానికి వెళ్ళాక మెల్లగా లోపలికొచ్చి, ఊయల తాడు పట్టుకుని నిలబడేవాడట.

మా తాతకు ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఆయన్ను ఆపింది భయం. బిడ్డను ఒళ్ళో పెట్టుకుంటే తనలో ఏదో తగ్గిపోతుందని, తగ్గడం నలుగురూ చూస్తారని. ఆ భయం ఆయనతో పోలేదు, మా నాన్నకూ వచ్చింది, కొంచెం పలచబడి నాకూ వచ్చింది. తండ్రి అయినప్పుడు మగవాడిలో ఏం తగ్గుతుంది, ఏం పెరుగుతుంది అన్నది ఈ పాతికేళ్ళలో శాస్త్రం ఒంటినీ మెదడునూ కొలిచి చూసింది. నేను ఆ పరిశోధనలు చదవడం మొదలుపెట్టింది ఆ వరండాలో తీసిన ఫొటో వల్లే.

ముందు ఆ భయం సంగతి. అమెరికాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాండెల్లో, జెన్నిఫర్ బాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. ఆడపిల్ల స్త్రీ కావడం వయసుతో దానంతటదే జరిగిపోయే సంగతిగా లోకం చూస్తుంది. మగతనాన్ని మాత్రం సంపాదించుకోవాలి, పదిమందిలో రుజువు చేసుకోవాలి, ఎంత రుజువు చేసుకున్నా ఒక్క పొరపాటుతో పోగొట్టుకోవచ్చు. మనకు ఇది కొత్త సంగతేం కాదు. "మగాడివైతే రా" అన్న సవాలు మన భాషలో ఉంది, "ఆడదానివైతే రా" అన్నది లేదు.

ఆ బృందమే మరుసటి ఏడాది ప్రచురించిన ప్రయోగం నాకు బాగా గుర్తుండిపోయింది. కొందరు యువకులకు ఓ బొమ్మ తల ఇచ్చి దాని జుట్టు జడ అల్లమన్నారు. మరికొందరికి తాళ్ళు ఇచ్చి అల్లమన్నారు. చేతులు చేసే పని ఒకటే, పాయ మీద పాయ. ఆ తర్వాత, పజిల్ చేస్తారా, గుద్దుల బస్తాను గుద్దుతారా, మీ ఇష్టం అన్నారు. జడ అల్లినవాళ్ళలో ఎక్కువమంది బస్తా వైపు వెళ్ళారు. మరో విడతలో అందరి చేతా బస్తాను గుద్దించి చూస్తే, జడ అల్లినవాళ్ళు ఇంకా గట్టిగా గుద్దారు. తాడు అల్లిన చేతులకు అక్కర్లేని రుజువు జడ అల్లిన చేతులకు కావలసి వచ్చింది.

పాలసీసా కడగడం, తడిసిన గుడ్డలు మార్చడం, భుజాన వేసుకుని జోకొట్టడం, ఇవన్నీ కొత్త తండ్రికి ఆ జడలాంటి పనులే. చేతులకు బరువేం కాదు. మనసులో ఎవరో చూస్తున్నట్టు ఉంటుంది.

ఇక ఒంటి మాట. మగతనాన్ని ఒక రసాయనంతో ముడిపెట్టడం కోడిపుంజులతో మొదలైంది. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే వైద్యుడు కోడిపిల్లల వృషణాలు తీసేసి చూశాడు. తురాయి ఎదగలేదు, కూత రాలేదు, పోట్లాట లేదు. వృషణాన్ని తిరిగి పొట్టలో పెడితే అవన్నీ వచ్చాయి. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లకేర్ బృందం ఎద్దుల వృషణాల నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టింది. అప్పటినుంచి జనం లెక్క చాలా తేలికైపోయింది: ఇది ఎంత ఉంటే అంత మగాడు. పట్నాల్లో గోడల మీద ప్రకటనలు ఇప్పటికీ ఆ లెక్కనే అమ్ముకుంటున్నాయి.

తండ్రుల్లో ఈ హార్మోన్ తక్కువగా ఉంటుందని 2000 నాటికే కొన్ని పరిశోధనలు చెప్పాయి. కానీ అందులో ఒక చిక్కు ఉంది. తండ్రి అయినందుకు తగ్గిందా, తక్కువగా ఉన్నవాళ్ళే సంసారంలో కుదురుకుని తండ్రులవుతున్నారా? ఒక్కసారి కొలిస్తే ఇది తేలదు. అదే మనిషిని బిడ్డ పుట్టకముందు ఒకసారి, పుట్టాక ఒకసారి కొలవాలి. వందలమందిని అలా ఏళ్ళ తరబడి వెంబడించడం మామూలు పని కాదు.

ఆ పని ఫిలిప్పీన్స్‌లోని సెబు నగరంలో జరిగింది. అక్కడ 1983లో గర్భిణులతో మొదలైన ఒక ఆరోగ్య సర్వే వాళ్ళ పిల్లలను పెద్దయ్యేదాకా వదిలిపెట్టలేదు. 2005లో ఆ పిల్లల్లో మగవాళ్ళకు ఇరవై ఒకటిన్నరేళ్ళు. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది కాబట్టి, పొద్దున లేవగానే ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి లాలాజలం చిన్న గొట్టాల్లో పట్టించారు. 2009లో అదే మనుషులను మళ్ళీ వెతికి పట్టుకున్నారు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుంచి లీ గెట్లర్, క్రిస్టఫర్ కుజావా, వాళ్ళ సహచరులు 624 మంది లెక్కలు 2011లో ప్రచురించారు.

మొదటి సంగతి: 2005లో హార్మోన్ ఎక్కువగా ఉన్న ఒంటరి యువకులే 2009 నాటికి తోడు కుదుర్చుకుని తండ్రులయ్యే అవకాశం ఎక్కువ. రెండో సంగతి: అలా తండ్రులైనవాళ్ళలోనే అది బాగా పడిపోయింది. మధ్యస్థ లెక్కలో పొద్దున 26 శాతం, రాత్రి 34 శాతం. పెళ్ళీ పిల్లలూ లేకుండా ఉన్నవాళ్ళలో వయసుతో వచ్చిన తగ్గుదల 12, 14 శాతం మాత్రమే. నెల కూడా నిండని పసికందు ఇంట్లో ఉన్నవాళ్ళలో తగ్గుదల మరీ ఎక్కువ. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మూడోది. రోజుకు మూడు గంటలో అంతకుమించో బిడ్డ పనులు చేసే తండ్రుల్లో, ఆ పనుల జోలికి పోని తండ్రులకంటే హార్మోన్ తక్కువగా ఉంది.

అంటే తండ్రి అన్న పేరు వచ్చినంత మాత్రాన అయిపోలేదు. బిడ్డ దగ్గర ఎంతసేపు ఉంటున్నాడన్నది ఒంటికి తెలుస్తోంది.

ఇక్కడ చాలామంది మగవాళ్ళు ఉలిక్కిపడతారు, నాకు తెలుసు. కాబట్టి స్పష్టంగా చెప్పుకోవాలి. ఇది జబ్బు కాదు. తగ్గాక కూడా అది మామూలు ఆరోగ్యవంతుడికి ఉండే పరిధిలోదే. గడ్డం మీసం ఎక్కడికీ పోవు, కండ కరిగిపోదు, రెండో బిడ్డకు అడ్డం రాదు. పక్షుల్లో ఇదే కథను జాన్ వింగ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త ఎప్పుడో చూశాడు. మన చూరులో గూడు కట్టే ఊరపిచ్చుకలనే తీసుకోండి. గూటి కోసం, జోడు కోసం పోట్లాడే రోజుల్లో మగపిచ్చుకలో టెస్టోస్టెరాన్ పైకి లేస్తుంది, పిల్లలకు మేత తెచ్చే రోజుల్లో కిందికి దిగుతుంది. ఆ దిగే రోజుల్లో కావాలని బయటినుంచి హార్మోన్ ఎక్కించి చూస్తే, మగపిచ్చుక మేత తేవడం తగ్గించేసి గూటి కాపలాకే తిరిగింది. పోరు ఒక పని, పోషణ ఇంకో పని. రెండూ మగపిచ్చుకవే. ఒకే ఒంటికి రెండూ ఒకేసారి పూర్తిగా చేయడం కష్టం కాబట్టి, రోజులు చూసి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటును మనం 'తగ్గడం' అని పిలుస్తున్నాం. ఆ మాటలోనే పొరపాటు ఉందని నా అభిప్రాయం.

ఏడుపు విన్నంత మాత్రాన హార్మోన్ దిగుతుందా? దీన్ని 2012లో సారి వాన్ ఆండర్స్ అనే పరిశోధకురాలు ఏడ్చే బొమ్మతో పరీక్షించారు. నిజం బిడ్డలా ఏడ్చే బొమ్మ అది, సరిగ్గా ఎత్తుకుని చూసుకుంటే ఊరుకుంటుంది. బొమ్మను ఎత్తుకుని ఊరుకోబెట్టగలిగిన మగవాళ్ళలో టెస్టోస్టెరాన్ తగ్గింది. ఏడుపు వినిపిస్తున్నా ఏమీ చేయడానికి వీల్లేకుండా కూర్చోబెట్టినవాళ్ళలో పెరిగింది. నాకు ఇది చదవగానే పక్క గదిలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే హాల్లో కూర్చుని, "ఏం చేస్తున్నారు లోపల, ఊరుకోబెట్టలేరా?" అని అరిచే తండ్రులు గుర్తొచ్చారు. ఆ అరుపును మనం తండ్రి గాంభీర్యం అనుకుంటూ వచ్చాం. చేతులు కట్టేసినట్టు కూర్చున్న మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో ఆ ప్రయోగం చూపించింది.

సమాజం మారితే ఒళ్ళు కూడా మారుతుందా అన్న ప్రశ్నకు టాంజానియా జవాబిచ్చింది. అక్కడ హద్జాలు వేట మీద, దుంపలూ తేనె మీద బతికేవాళ్ళు. తండ్రులు పిల్లలను ఎత్తుకుంటారు, ఆడిస్తారు, పక్కనే పడుకోబెట్టుకుంటారు. పక్కనే ఉండే దాటోగాలు పశువుల మంద మీద బతికేవాళ్ళు. అక్కడ పసిబిడ్డలు పూర్తిగా ఆడవాళ్ళ లోకం, మగవాళ్ళ తిండీ పడకా కూడా వేరు. 2009లో మార్టిన్ ముల్లర్, ఫ్రాంక్ మార్లో బృందం రెండు తెగల మగవాళ్ళనూ పరీక్షించింది. హద్జాల్లో తండ్రులకు, తండ్రులు కానివాళ్ళకంటే టెస్టోస్టెరాన్ తక్కువ. దాటోగాల్లో ఇద్దరికీ తేడా లేదు. ఒకే ప్రాంతం, ఒకే ఎండ, ఇద్దరూ తండ్రులే. తేడా ఎవరు ఎత్తుకుంటున్నారన్నదే.

మెదడు సంగతి ఇంకా లోతైనది. ఇజ్రాయెల్‌లోని బార్ ఇలాన్ విశ్వవిద్యాలయంలో రూత్ ఫెల్డ్‌మన్ బృందం 2014లో 89 మంది తల్లిదండ్రుల మెదళ్ళను, వాళ్ళ బిడ్డల వీడియోలు చూపిస్తూ స్కాన్ చేసింది. వాళ్ళలో మూడు రకాలు. బిడ్డ బాధ్యత ప్రధానంగా మోసే తల్లులు, వాళ్ళకు సాయంగా ఉండే భర్తలు, తల్లి లేకుండా ఇద్దరు మగవాళ్ళే బిడ్డను పెంచుతున్న ఇళ్ళలోని తండ్రులు. ప్రమాదాన్ని పసిగట్టి మనిషిని అప్రమత్తం చేసే అమిగ్డలా అనే బాదంగింజంత భాగం తల్లుల్లో బాగా చురుగ్గా ఉంది. సాయంగా ఉండే తండ్రుల్లో అంత లేదు, వాళ్ళలో ఎదుటివాళ్ళ ముఖం, కదలిక చూసి మనసు చదివే భాగం ముందుంది. బిడ్డ భారం మొత్తం తమ మీదే ఉన్న తండ్రుల్లో రెండూ పనిచేస్తున్నాయి, ఆ రెండు భాగాల మధ్య బంధం గట్టిగా ఉంది. తండ్రి బిడ్డతో గడిపే సమయం పెరిగేకొద్దీ ఆ బంధం బలపడింది. తొమ్మిది నెలలు మోసే అవకాశం లేని ఒంటికి తల్లి మెలకువను అందుకునే దారి ఒకటి ఉందన్నమాట. ఆ దారి చేతుల గుండా వెళుతుంది.

మగవాళ్ళకు పసిబిడ్డ ఏడుపు పోల్చుకోవడం చేతకాదని, అది తల్లికే తెలుస్తుందని మనందరి నమ్మకం. 2013లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తమ దేశంలోనూ, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలోనూ తల్లిదండ్రులకు వేర్వేరు బిడ్డల ఏడుపులు వినిపించి, మీ బిడ్డది ఏదో చెప్పమన్నారు. తల్లులు దాదాపు 90 శాతం సార్లు సరిగ్గా చెప్పారు. రోజుకు నాలుగు గంటలకు పైగా బిడ్డతో ఉండే తండ్రులూ అంతే సరిగ్గా చెప్పారు. అంతకంటే తక్కువ సమయం గడిపేవాళ్ళు 75 శాతం దగ్గర ఆగిపోయారు. చెవి విషయంలో ఆడామగా తేడా కంటే గంటల తేడా పెద్దది.

తండ్రి బిడ్డ పక్కనే ఉండాలన్న విషయం మన దగ్గర ఒక జాతికి ఎప్పటినుంచో తెలుసేమో అనిపిస్తుంది. భద్రాచలం పక్కన దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1874లో 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో గోదావరి ప్రాంతపు ఎరుకల ఆచారం ఒకటి రాశాడు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద వేసిన సంపుటాల్లో దాన్ని మళ్ళీ చేర్చాడు. భార్యకు నొప్పులు మొదలవగానే భర్త ఆమె బట్టలు కొన్ని కట్టుకుని, మసక చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. బిడ్డ పుట్టాక కడిగి తెచ్చి తండ్రి పక్కలో పడుకోబెడతారు. ఇంగువ, బెల్లం లాంటి పురిటి మందులు ఆయనకే పెడతారు. పురిటి మైల తీరేదాకా ఆయన మంచం దిగకూడదు, కావలసినవన్నీ దగ్గరికే తెచ్చిస్తారు.

ఇలాంటి ఆచారాలు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నాయి. 1865లో ఎడ్వర్డ్ టైలర్ అనే మానవశాస్త్రవేత్త వీటన్నిటికీ కూవాడ్ అన్న ఫ్రెంచి మాటను స్థిరపరిచాడు. ఆ కాలపు దొరలు దీన్ని వింతగా రాసుకున్నారు, మనవాళ్ళు కూడా చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాదు. తల్లి నోటికి అందాల్సిన బెల్లం తండ్రికి పెట్టడం సరైందని నేననను, ఆమెకే ముందు అందాలి. కానీ బిడ్డను తండ్రి పక్కలో పడుకోబెట్టడం, ఆ రోజుల్లో అతన్ని బయటికి పోనివ్వకపోవడం చూస్తే, తండ్రికి కూడా పురుడు ఉంటుందని ఆ సమాజం ఒప్పుకుందనిపిస్తుంది. 2000లో కెనడాలోని సెయింట్ జాన్స్‌లో ఆన్ స్టోరీ, కేథరిన్ విన్ ఎడ్వర్డ్స్ 34 జంటలను పరీక్షించారు. భార్యకు నెలలు నిండేకొద్దీ భర్తల్లో కూడా ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగింది. తల్లి పాలతో ముడిపడిన హార్మోన్ అది. భార్యతోపాటు తామూ అలసట, ఆకలి మార్పులు, బరువు పెరగడం చూశామన్న భర్తల్లో అది ఇంకా ఎక్కువగా ఉంది. మార్మోసెట్, టామరిన్ అనే చిన్న కోతుల్లో మగవి ఆడది చూలుతో ఉండగానే బరువెక్కుతాయి. పుట్టే కవలలను రోజంతా వీపున మోయాల్సింది అవే మరి.

మన మిగతా తెలుగు ఇళ్ళలో ఆచారం దీనికి సరిగ్గా తలకిందులు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని పుట్టింటికి తీసుకెళతారు. తొలి కాన్పు అక్కడే. మూడో నెలో అయిదో నెలో వచ్చాక మంచిరోజు చూసి అత్తింటికి పంపుతారు. ఆడపిల్లకు ఇది ఎంత మేలో నేను కళ్ళారా చూశాను. కన్నతల్లి చేతి పథ్యం, ఒళ్ళు కాచుకునే వేడినీళ్ళు, కంటినిండా నిద్ర, "నొప్పిగా ఉందమ్మా" అని నోరు తెరిచి చెప్పుకునే చనువు. దాన్ని ఎవరూ తీసేయకూడదు. కానీ అదే ఆచారం తండ్రిని ఏం చేస్తోంది? సెబులో హార్మోన్ అందరికంటే ఎక్కువ సర్దుకున్న ఆ తొలి నెల, మెదడు కొత్త బంధాలు అల్లుకునే ఆ వారాలు, అతను ఇంకో ఊళ్ళో ఒంటరిగా హోటల్ భోజనం చేస్తుంటాడు. శనివారం బస్సెక్కి వస్తాడు. వచ్చినవాడు అల్లుడు. అల్లుడు కుర్చీలో కూర్చోవాలి, కాఫీ తాగాలి. బిడ్డను శుభ్రంగా తుడిచి, కాటుక పెట్టి, తెచ్చి ఒళ్ళో రెండు నిమిషాలు పెడతారు. ఏడవగానే తీసేసుకుంటారు. "మీకు చేతకాదులెండి బాబూ" అంటారు ప్రేమగా. ఆ ప్రేమను కాదనలేక మనం కూడా చేతకాదనే అనుకుంటాం.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లల సంగతి వేరేగా ఉంది. అక్కడ భర్త కాన్పు గదిలోనే ఉంటాడు, బొడ్డుతాడు కత్తిరించమని కత్తెర అతని చేతికే ఇస్తారు. అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చేలోపు మొదటి స్నానం, మొదటి డైపర్ అన్నీ అతనివే. ఇక్కడ 'నాకు రాదు' అనే అబ్బాయి అక్కడ వారంలో నేర్చుకుంటున్నాడు.

ఇక్కడ కూడా మొదలుపెట్టగల చోటు ఒకటుంది, అది ఆ ఆసుపత్రి వరండాయే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. కోతకు కుట్లు వేసేంతసేపూ తల్లి బల్ల మీదే ఉంటుంది, బిడ్డ ఆమె ఒంటికి దూరంగా ఉంటుంది. స్వీడన్‌లో 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో అలాంటి బిడ్డలను చొక్కా విప్పిన తండ్రి ఛాతీ మీద పడుకోబెట్టారు. పక్కన తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డలకంటే వాళ్ళు త్వరగా ఏడుపు మానారు, త్వరగా నిద్రలోకి జారారు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు మన ప్రభుత్వాసుపత్రుల్లో నేర్పే కంగారూ పద్ధతిలోనూ తండ్రి ఛాతీ పనికొస్తుంది. వేడి ఇవ్వడానికి ఆడామగా తేడా లేదు. దీనికి యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు. "ఆడవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్న చోట "నాన్న ఎవరు?" అని అడిగితే చాలు.

సెలవు మాట కూడా చెప్పాలి. 2017 సవరణతో మన దేశంలో తల్లికి 26 వారాల సెలవు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి తండ్రికి 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి చట్టం ఒక్కరోజూ ఇవ్వలేదు. స్వీడన్ 1974లోనే తల్లిదండ్రులు ఇద్దరూ పంచుకునే సెలవు పెట్టింది. మొదట్లో మగవాళ్ళు దాని జోలికే రాలేదు. అప్పుడు అక్కడి ప్రభుత్వం లెన్నార్ట్ డాల్‌గ్రెన్ అనే బరువులెత్తే వీరుడి చేతుల్లో పసిబిడ్డను పెట్టి పోస్టర్ వేసింది. కొండలాంటి మనిషి, మోచేతి మడతలో గుప్పెడంత బిడ్డ. అందరూ ఆ పోస్టర్‌ను మెచ్చుకున్నారు, సెలవు మాత్రం కొద్దిమందే పెట్టారు. 1995లో ఒక నెల తండ్రికే కేటాయించి, వాడుకోకపోతే పోతుందని చట్టం చేశాక మగవాళ్ళు కదిలారు. ఇప్పుడు ఆ కేటాయింపు 90 రోజులు. మగతనం మీద అభిప్రాయం మారాక సెలవు పెడతారని ఎదురు చూసి ఉంటే ఇంకా చూస్తూనే ఉండేవారు. బిడ్డతో నెలలు గడిపాక అభిప్రాయం దానంతటదే మారింది.

ఈ మార్పు అంతా తీపిగానే ఉంటుందని నేను చెప్పను. 2022లో స్పెయిన్, కాలిఫోర్నియాల్లో తొలిసారి తండ్రులైన 40 మందిని బిడ్డ పుట్టకముందు, పుట్టాక స్కాన్ చేస్తే మెదడు పైపొరలో కొన్ని భాగాలు ఒకటి రెండు శాతం కుంచించుకున్నాయి. తల్లుల్లోనూ ఇదే కనిపిస్తుంది, వాళ్ళలో ఎక్కువగా. తోటమాలి కొమ్మలు కత్తిరించినట్టు మెదడు కొత్త పనికి తనను తాను చెక్కుకుంటోందని శాస్త్రవేత్తల అంచనా. ఆ పరిశోధనలో పాల్గొన్న డార్బీ సాక్స్‌బీ తర్వాత చేసిన పనిలో, ఇలా ఎక్కువ మారిన తండ్రులు బిడ్డకు ఎక్కువ దగ్గరయ్యారు. వాళ్ళకే నిద్ర సరిగా పట్టలేదు, దిగులు లక్షణాలు ఎక్కువ కనిపించాయి. బిడ్డ పుట్టే ముందూ వెనకా దాదాపు పదిమందిలో ఒక తండ్రికి కుంగుబాటు వస్తుందని 43 పరిశోధనలను కలిపి చూసిన జేమ్స్ పాల్సన్ 2010లో తేల్చారు. మూడో నెల నుంచి ఆరో నెల మధ్య అది మరీ ఎక్కువ. మన ఇళ్ళలో సరిగ్గా తల్లీ బిడ్డా తండ్రి దగ్గరికి వచ్చే నెలలవి. తల్లి నీరసంగా ఉంటే నలుగురు అడుగుతారు. తండ్రి చీటికిమాటికి విసుక్కుంటుంటే, ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తుంటే, "మగాడు కదా, తిరుగుళ్ళు" అంటారు. అతనికి నిద్ర పడుతోందా, మనసు బాగుందా అని ఎవరూ అడగరు. అడిగినా చెప్పుకునే మాటలు మనం మగపిల్లలకు నేర్పలేదు. ఈ ఒక్క విషయంలో డాక్టర్లు, ఆశా కార్యకర్తలు, అత్తమామలు కాస్త చూపు తండ్రి వైపు తిప్పాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కుంగిపోయిన తండ్రి ఇంట్లో తల్లీ బిడ్డా కూడా ఇబ్బంది పడతారు.

నేను రెండో నెలలో మూడు వారాలు సెలవు పెట్టి అత్తగారింటికి వెళ్ళాను. అక్కడ ఉదయం తొమ్మిదింటికి పెరట్లో బిడ్డకు నీళ్ళు పోస్తారు. నాలుగు రోజులు చూసి, అయిదో రోజు పంచె పైకి కట్టి నేనే పీట మీద కూర్చుని కాళ్ళు చాపాను. మా మామగారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా చూసి, "అయ్యో, అల్లుడుగారి చేత పోయిస్తున్నారేమిటి?" అన్నారు. మా అత్తగారు జవాబు చెప్పలేదు. వేడినీళ్ళ గంగాళం నా పక్కకు జరిపి, ముంజేత్తో వేడి చూసి, "అలా కాదు బాబూ. తల కింద చెయ్యి పెట్టండి. ఆ. ఇప్పుడు నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి పొయ్యండి, కళ్ళల్లో పడవు" అన్నారు. నూనె రాసిన ఒళ్ళు చేపలా జారుతోంది. మోకాళ్ళ కింద రెండు ఎముకల మధ్య గాడిలో బిడ్డ సరిగ్గా సరిపోయింది. నీళ్ళు పడగానే కాళ్ళు ఝాడించి నా పొట్టలో తన్నింది.

మూడోవారం ఒక రాత్రి కరెంటు పోయింది. అందరం వసారాలో మంచాలు వేసుకుని పడుకున్నాం. పక్కింట్లోనూ నెలల పిల్ల ఉంది. రెండు ఇళ్ళ మధ్య గోడ ఒక్కటే. ఏ అర్ధరాత్రో ఏడుపు వినపడింది. మా అత్తగారు లేచి కూర్చుని చెప్పుల కోసం తడుముకుంటున్నారు. నేను పడుకునే, "మనది కాదండీ" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం చెవి ఒగ్గి విన్నారు. "అవును, పక్కింటిది" అని మళ్ళీ పడుకున్నారు.